బాపు ఆముదం పోసిన కారు

నా చిన్నప్పుడు మా ఊరికంతా మిగిలింది ఒక్కటే పాత కారు. బాగా తిరిగిన కారులో పలచని నూనె పోయాలా, చిక్కనిదా అని మొన్న ఫోన్లో అడిగావు కదా బిడ్డా. చిక్కనిదే పొయ్యి. అరిగిన ఇంజను పలచని నూనెను నిలుపుకోలేదు, పొగ చేసి వదిలేస్తుంది. ఈ మాట మా బాపుది, అంటే మా నాన్నది. కానీ ఆ కారు గుర్తొస్తే నాకిప్పటికీ విసుగే.

మా ఊరు దేవరుప్పుల పక్కన. బాపు దొరగారి డ్రైవరు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు భయపడి దొర కొత్త కారులో పట్నం వెళ్లిపోయాడు. పాతది బాపుకు వదిలాడు, కొత్త కారు కోసం తెచ్చిన పలచని నూనెతో సహా. చిక్కని నూనె జనగామకు వస్తే, సంఘం వాళ్లను వేటాడే మిలిటరీ బండ్లకే పోయేది.

అప్పుడే అమ్మకు నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని జనగామ దవాఖానకు పొమ్మంది. ఎడ్లబండి మీద పోతే దారిలోనే చీకటి పడుతుంది, చీకట్లో కనబడితే మిలిటరీ వాళ్లు వదలరు. అమ్మను కారులో పడుకోబెట్టారు. తీరా చూస్తే ఇంజనులో నూనె అడుగంటింది. దొర వదిలిన పలచనిది పోస్తే జనగామ దాకా నిలవదు, చిక్కటి ఆముదమైతే నిలుస్తుందన్నాడు బాపు.

వాడకట్టు ఆడవాళ్లు ఇళ్లల్లో వండుకున్న ఆముదం తెచ్చారు. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ దాచింది కూడా తీశారు. బాపు ఒక్కొక్కదాంట్లో ఒత్తి ముంచి వెలిగించి చూశాడు. పక్కింటి పెద్దవ్వది చిటపటలాడింది.

"గీండ్ల నీళ్లున్నయ్ పెద్దవ్వా, వద్దు."

"నా ఆముదంల నీళ్లేంది రా? నువ్వు పుట్టినప్పుడు నీ నెత్తికి రాసింది గిదే."

"నా నెత్తి ఇంజనా?"

అంత నొప్పిలోనూ అమ్మ నవ్వింది.

తర్వాత బాపు కారు కిందికి దూరి, నూనె దించడానికి ఇంజను అడుగు బిరడా విప్పాడు. అడుగున మిగిలిన పాత నూనె నల్లగా, బొట్టు బొట్టుగా కారుతోంది. పైన అమ్మ మూలుగుతోంది.

"దాని మీదనే పొయ్యి బాపూ, పోదాం" అన్నాను.

"గీ రెండు కలిస్తే గడ్డకడ్తది బిడ్డా. నడిమిట్ల బండి ఆగితే మీ అమ్మనెట్ల తీస్కపోతం? జర ఆగు."

బయటికున్న ఆయన కాలు పట్టుకుని గుంజాను. రాలేదు. ఆఖరి బొట్టు దాకా చూసి, అప్పుడు ఆముదం పోశాడు.

దారిలో కారు ఎక్కడా ఆగలేదు. పొద్దుండగానే చేరాం. అమ్మ బతికింది. తమ్ముడు దక్కలేదు. "జర ముందొస్తే బాగుండు" అంది దవాఖాన నర్సమ్మ. బాపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇప్పటికీ పాతది పూర్తిగా తీయనిదే దేంట్లోనూ కొత్తది పోయను. తీసినంతసేపూ విసుక్కుంటాను. ఆ రోజు అంతసేపు ఆగాల్సిందేనా అని పెద్దయ్యాక బాపును అడిగితే కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆ రెండు నూనెలు కలిస్తే నిజంగా గడ్డకడతాయా అని మెకానిక్కులను అడిగితే ఒకరు అవునన్నారు, ఇంకొకరు కాదన్నారు. ఆ బొట్లు ఆగేదాకా చూడకుండా బయలుదేరి ఉంటే తమ్ముడు బతికేవాడా, లేక కారు నడిదారిలో ఆగి అమ్మ కూడా పోయేదా?