ఊ కోసం ఆగే కథ

ఆ రోజు నేను "రాత్రి"ని "రాతి" అని చదివాను. నా జబ్బు మొదట బయటపడింది అలాగే.

మాది అరకు దగ్గర, డుంబ్రిగుడ వైపు ఒక ఊరు. మా ఆయన రైల్వేలో కీమేన్, రోజూ పట్టాల వెంట నడిచి చూసే పని. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించి, బైబిలు ముందు కూర్చోబెట్టి చదవడం నేర్పాడు. ఆ తర్వాత ఏ కాగితాన్నీ వదల్లేదు. పప్పు పొట్లం విప్పినా, ఆ కాగితం చదివాకే పప్పు డబ్బాలో పోసేదాన్ని.

చదివింది నాలోనే ఉంచుకోవడం నాకు చేతకాదు. మధ్యాహ్నం పనులయ్యాక ఆడవాళ్ళు మా వసారాలో కూర్చుని కొండచీపుళ్ళు కట్టలు కట్టేవాళ్ళు. నేను వాళ్ళకి కథల పుస్తకాలు చదివేదాన్ని. మా దగ్గర కథ అంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ రాకపోతే చెప్పేవాళ్ళు ముందుకు పోకూడదు.

తొంభైల నడుమ మాట ఇది. కథలో ఒక బీదవాడు కాలినడకన సొంత ఊరు చేరుతున్నాడు. "అతడు రాతి ఇంటికి చేరుకున్నాడు" అని చదివాను. ఊ రాలేదు.

"రాతిల్లేటప్పా?" అంది సోములమ్మ. ఆమెది పక్కిల్లు. నాకన్నా చిన్నది కాబట్టి అప్పా, అంటే అక్కా అని పిలుస్తుంది. నోరు మాత్రం పెద్దది. "నిన్నే కదా ఆడిది పూరిపాక అన్నావు? ఒక్క దినంలో రాతిల్లు కట్టీసినాడేటి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్ళీ చూశాను. చూపు కాస్త కిందికి దించితే వత్తు కనిపించింది. అక్షరం మీదికి తెస్తే మాయమైంది. అచ్చు బాగోలేదనుకుని ఊరుకున్నాను.

తర్వాత గ్లాసులో పోయబోయిన నీళ్ళు పక్కన పోయడం మొదలైంది. రోజూ దాటే గడపే కాలికి తగిలేది. అయినా నొప్పి లేదు, ఎరుపు లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బనుకోవడం మాకు అలవాటు లేదు. ఒకనాడు ముఖం కడుక్కుంటుంటే ఎడమ కంట్లో సబ్బు పడింది. అది మూసుకుని కుడి కంటితో చూస్తే, ఎదురుగా తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా ఆయన నడుము వరకే ఉన్నాడు.

"ఏవండీ, మీ కాళ్ళేవి?" అన్నాను.

"దినం పట్టాల మీద నడిసే కాళ్ళే, ఎక్కడికి పోతాయి? ఇక్కడే ఉన్నాయి" అని నవ్వబోయి ఆగిపోయాడు. "నీకేటైనాది సువార్తా? బేగి బయలుదేరు, పట్నం ఎల్దాం."

విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ప్రెషర్ చూశారు. తర్వాత ఫీల్డ్ టెస్ట్ అన్నారు. పెద్ద గిన్నెలాంటి దాని ముందు గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నాకు నొక్కే పని పెద్దగా పడలేదు. సులువైన పరీక్షే అనుకుంటూ సంతోషంగా బయటికి వచ్చాను.

డాక్టరమ్మ కాగితం మీద నల్లగా ఉన్న చోట్లు చూపించింది. చుక్క వెలిగినా నాకు కనబడని చోట్లట అవి. "గ్లకోమా అమ్మా. మనవాళ్ళు నీటికాసులంటారు. కంట్లో ప్రెషర్ పెరిగి ఆప్టిక్ నర్వ్, అంటే చూపు నరం, దెబ్బతింది. పోయిన చూపును తేలేను. ఉన్నదాన్ని నిలబెడదాం."

"పుస్తకం చదువుకోగలనా అమ్మా?"

"డ్రాప్స్ ఒక్క పూట కూడా మానొద్దు. ముందు అది చూద్దాం" అంది. నేను అడిగినదానికి అది జవాబు కాదని నాకు తెలిసింది.

కంట్లో నీరు బయటికి పోయేలా దారి చేసే ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేశారు. ప్రెషర్ దిగింది. దేవునికి వందనాలు చెప్పుకుంటూ ఇల్లు చేరాను. భూతద్దంతో కొన్నాళ్ళు చదివాను కూడా. మరుసటి వానల్లో ప్రెషర్ మళ్ళీ ఎక్కింది. రెండో ఆపరేషన్ చేసినా కుడి కన్ను దక్కలేదు. ఎడమ కన్ను ఊదుగొట్టంలోంచి చూసినట్టు అయింది. ఒక్కో అక్షరం వెతుక్కుని మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేదాన్ని.

ఆడవాళ్ళు వసారాకి రావడం మానలేదు. కానీ కథ చదవమని ఎవరూ అడగలేదు. నా ముందు మెల్లగా మాట్లాడేవాళ్ళు, రోగి దగ్గర మాట్లాడినట్టు. చూపు పోయినదానికంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. ప్రార్థనలో కళ్ళు ఇమ్మని అడగడం మానేశాను. పుస్తకం ఒక్కదాన్ని మాత్రం నా ఇంట్లోంచి పోనియ్యకు ప్రభువా, అని అడిగేదాన్ని.

తర్వాతి చెకప్‌లో ఒక నర్సమ్మ చెప్పింది, పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి పెట్టిన కేసెట్లు ఉంటాయని, పట్నంలో ఒకచోట అరువిస్తారని. "అవి గుడ్డివాళ్ళకి కదా" అన్నాను నేను. నాకు రోషం వచ్చింది.

"తెచ్చుకుందాం" అన్నాడు మా ఆయన. "నచ్చకపోతే మీద పాటలెక్కించీవచ్చు."

"అరువు తెచ్చినదాని మీదా!" అని నేను కోప్పడితే నర్సమ్మ నవ్వింది. ఆ కేసెట్లు మాతోపాటు కిరండోల్ పాసింజరెక్కాయి. టైడా దాటాక సొరంగాలు మొదలయ్యాయి. బోగీ అంతా చీకటి, పిల్లల కేకలు. మా ఆయన నా చెవి దగ్గర అన్నాడు, "ఇప్పుడు సెప్పు. ఈ బోగీలో పుస్తకం సదవగలిగినోడు ఎవడున్నాడు?" చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టగానే ఒక ఆడగొంతు చదవడం మొదలెట్టింది. ఒక్క వత్తు కూడా జారిపోలేదు. నాకు కనబడకుండా పోయినవన్నీ ఆ గొంతులో వాటి వాటి చోట్ల ఉన్నాయి. చేతులు జోడించుకుని అలా కూర్చుండిపోయాను.

మర్నాడు ఆడవాళ్ళ ముందు పెట్టాను. మొదటి వాక్యం అయింది. సోములమ్మ "ఊ" అంది. గొంతు ఆగలేదు. "ఊఁ!" అని గట్టిగా అంది. అయినా ఆగలేదు.

"ఈయమ్మకి సెవుడేటప్పా? ఊ కొట్టకముందే ఎల్లిపోతంది!"

"ఎనక పులి తరుముతన్నట్టు సదువుతంది" అంది ఇంకొకామె.

"నీ కతలే బాగుండీవి. ఈయమ్మకి మనం ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే" అంది సోములమ్మ. వాళ్ళు చీపుళ్ళ ధరల్లో పడ్డారు. కేసెట్ తన దారిన తాను చదువుకుపోతోంది. పుస్తకం ఇంట్లో ఉంది, వసారా మాత్రం పోతోంది.

కట్టేద్దామని చెయ్యి పెట్టాను. తడుముతుంటే వేలు పాజ్ మీద పడింది. గొంతు ఠక్కున ఆగింది. కట్ట కడుతున్న సోములమ్మ అలవాటు కొద్దీ "ఊ" అంది. నేను మళ్ళీ నొక్కాను. గొంతు సాగింది.

వసారా అంతా నవ్వులే. "ఇప్పుడు దారికొచ్చినాది!" అని సోములమ్మ చప్పట్లు కొట్టింది.

ఆనాటి నుంచి నా చదువు వేలిలోకి వచ్చింది. ఎక్కడ ఆపాలో నేర్చుకున్నాను. ఆపి, కష్టమైన మాటని మా మాటలో చెప్పేదాన్ని. ఊ వచ్చాక వదిలేదాన్ని. వానాకాలం తేమకి టేపు చిక్కు పడితే మా ఆయన పెన్సిల్ దూర్చి చుట్టేవాడు. మళ్ళీ అందరూ నాతో గట్టిగా మాట్లాడసాగారు, పోట్లాడసాగారు. అదెంత హాయో!

రెండువేలు దాటాక కేసెట్లు పోయి సీడీలు వచ్చాయి. తర్వాత బొటనవేలంత ఎంపీత్రీ ప్లేయర్ వచ్చింది. అందులో ఎన్నో పుస్తకాలు పడతాయంటే నమ్మలేకపోయాను. కానీ బటన్లన్నీ ఒకేలా ఉన్నాయి. పాజ్ అనుకుని ఇంకేదో నొక్కాను.

"ఇంకా పెళ్ళిసూపులే అవనేదు, అప్పుడే మనవడు పుట్టీసినాడేటి?" అంది సోములమ్మ. తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి పాజ్ బటన్ మీద అంటించింది. "మీ దేవుడేటీ అనుకోడులే అప్పా."

"అనుకోడు. నీ చేత ఆయనే పెట్టించి ఉంటాడు" అన్నాను.

ఇప్పుడు పుస్తకాలు ఫోన్‌లోకి వచ్చేశాయి. దాని మీదా పాజ్ చోట ఒక బొట్టుబిళ్ళ ఉంది. ఎడమ కంటిలో మిగిలిన ఆ కాస్త చూపూ అలాగే నిలబడింది. ఉదయం, సాయంత్రం డ్రాప్స్ వేసుకుంటాను. మొన్నటి చెకప్‌లో డాక్టరమ్మ "ప్రెషర్ బాగుందమ్మా" అంది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే పాటలా పాడుకున్నాను.

చదివే మీకు నేను చెప్పేది ఒకటే. ఒక కన్ను చేత్తో మూసి రెండో కంటితో చూడండి. తర్వాత మార్చి చూడండి. రెండు కళ్ళూ కలిసి చూస్తే ఒకదాని లోటును ఇంకొకటి దాచిపెడుతుంది. ఏ కొంచెం తేడా ఉన్నా, నొప్పి కోసం ఎదురుచూడకుండా వెళ్ళి ప్రెషర్ చూపించుకోండి. నలభై దాటితే తేడా లేకపోయినా చూపించుకోండి.

నిన్న మధ్యాహ్నం కథలో "రాత్రి ఇంటికి చేరాడు" అని వచ్చింది. బొట్టుబిళ్ళ నొక్కి ఆగాను. ఊ రాలేదు.

"రాత్రా, రాతిల్లా అప్పా?" అంది సోములమ్మ.

"రాత్రేనే తల్లీ, రాత్రే" అన్నాను.

అప్పుడు వసారా అంతా ఊ కొట్టింది. నేను బొట్టుబిళ్ళ మళ్ళీ నొక్కాను.