గుండంలో దొరకని చెంబు

ఓబుళేసు కనిపించకుండా పోయింది యాభై రెండు కరువులో. తాడిపత్రి దాపున ఉన్న వాళ్ల ఊరి పక్కనే నాపరాతి నేల కుంగి ఏర్పడిన గుండం ఒకటి ఉంది. దాని ఒడ్డున అతని చెప్పులు మాత్రం దొరికాయి. గొర్రెలన్నీ చచ్చిపోయిన దిగులుతో దూకేశాడని మొదట అనుకున్నారు. గాలాలు వేశారు, ఈతగాళ్లను దింపారు. శవం తేలలేదు. దాంతో మాట మారింది. ముందురోజు మొగుడూ పెళ్లాం అరుచుకోవడం విన్నవాళ్లు ఉన్నారు. పెళ్లాం హనుమక్కే రాయి కట్టి తోసిందన్నారు.

ఆమె గాజులు పగలగొట్టారు. అత్త పెద్దక్కకు వేరే దిక్కు లేక కోడలితోనే ఉండిపోయింది గానీ, ఆమె చేతి కూడు ముట్టలేదు. ఒకే కొట్టంలో రెండు పొయ్యిలు. కోడలు సంగటి కెలుకుతుంటే అత్త గడప దగ్గర కూర్చుని ఆ చేతులనే చూసేది.

హనుమక్కకూ ఒక అనుమానం ఉండేది. చెప్పులు విడిచాడు సరే, గొంగళి ఏమైంది? ఎప్పుడూ వెంట ఉండే ఇత్తడి చెంబు ఏమైంది? చావబోయేవాడు చెంబు పట్టుకుని దూకుతాడా? ఈ మాట ఒకసారి ఊరిపెద్ద నల్లప్ప దగ్గర అంటే, చెంబు నువ్వే దాచి ఉంటావన్నాడు. మళ్లీ ఆమె నోరెత్తలేదు. నాపరాళ్ల గనిలో కూలికి పోయి వచ్చేది, తలెత్తకుండా.

చైనా యుద్ధం అయిన మరుసటి వేసవిలో ఊళ్లోకి మిలిటరీ లారీ వచ్చింది. నీళ్లలో మునిగి పనిచేయడం నేర్పే దళమట. గుండం లోతుగా, తేటగా, అలల్లేకుండా ఉంటుందని వెతుక్కుంటూ వచ్చామన్నారు. ఊరు నమ్మలేదు. ఒంటికి రబ్బరు తొడుగులు, వీపున గాలి నింపిన ఇనుప సిలిండర్లు, ముఖానికి అద్దాలు కట్టుకుని దిగుతుంటే, ఇంత సరంజామా ఊరికే తెస్తారా అన్నారు. అడుగున రాయల కాలపు బంగారం ఉందని ఒకరు, కాదు బాంబులు దాస్తున్నారని ఇంకొకరు. నల్లప్ప వంతులవారీగా మనుషుల్ని కాపలా పెట్టాడు.

హనుమక్క కూడా పొద్దున్నే పోయి దూరంగా కూర్చునేది. ఆమె భయం వేరు. ఎముకలు బయటపడితే? ముందురోజు గొడవలో తానన్న మాటకే అతను నిజంగా దూకి ఉంటే?

చివరికి తెగించింది. దళంలో నెల్లూరు వైపు కుర్రవాడు ఒకడున్నాడు, వెంకటేశులు. అతనొక్కడికే తెలుగు వచ్చు.

"అడుగు దాకా పోతాండారా అప్పా?"

"పోతున్నామమ్మా. దీనికి అడుగుంది."

"ఆడ మనిషి ఎముకలేమన్నా ఉండాయా?"

వెంకటేశులు ఆమెను కూర్చోబెట్టి అంతా విన్నాడు. పోయి ఆఫీసరుకు చెప్పాడు. వెతకడం కూడా తమ శిక్షణలో భాగమేనని ఆఫీసరు ఒప్పుకున్నాడు. తాళ్లు కట్టుకుని, అడుగంతా చేతులతో తడుముతూ వెతికారు.

పైకి తెచ్చిన గోతాలను ఊరందరి ముందు బండ మీద కుమ్మరించారు. పగిలిన కుండలు, బిందెలు, బొక్కెనలు, గొలుసులు, చెంబులు. ఏళ్ల తరబడి చేయి జారినవన్నీ ఉన్నాయి. ఆడవాళ్లు ఇది మాది, అది మీది అంటూ ఏరుకున్నారు. నల్లప్ప గోతాలను తిరగేసి దులిపి చూశాడు. బంగారం రాలలేదు.

మేకల ఎముకలు తప్ప మనిషి ఎముక ఒక్కటీ లేదని వెంకటేశులు చెప్పాడు. ఒక మూల సన్నటి సొరంగం ఉందనీ, అందులోకి మాత్రం పోలేదనీ దాచకుండా చెప్పాడు. నల్లప్పకు అది చాలు. శవం ఆ సొరంగంలోనే ఉంటుందన్నాడు.

పెద్దక్క ఆ మాట వినిపించుకోలేదు. బండ మీది చెంబులను ఒక్కొక్కటే తీసి అంచులు తడిమి చూస్తోంది. కొడుకు చెంబుకు అంచున పగులు అతికించిన మాటు ఉంటుంది. అది లేదు. ఉన్నచోటే చతికిలబడింది.

"వాడు బతికుండాడా?" అంది, కోడలి వైపు చూడకుండానే.

"బతికుండాడత్తా. చెప్పులు మనకు వదిలిపెట్టి, చెంబు తీసుకుని పోయినాడు."

"నాకు గూడా చెప్పకనే పోయినాడే," అంది పెద్దక్క. కొడుకు చచ్చాడన్నప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించలేదు. హనుమక్క తన సంగటే సత్తు తట్టలో పెట్టి ముందుంచింది. పెద్దక్క తట్టను చూసింది, కోడలిని చూసింది.

"ముందు నువ్వు తిను," అంది.

హనుమక్క ఒక ముద్ద తిన్నాక తానూ తింది.

ఊరి నోరు మాత్రం మూతపడలేదు. గుండం దగ్గర హనుమక్క కనబడితే సొరంగం మాట వచ్చేది. ఏడాది తిరిగాక రాళ్ల బండి తోలే ఎర్రిస్వామి, బళ్లారి మార్కెట్లో ఓబుళేసు లాంటి మనిషిని చూశానన్నాడు. పక్కన పెళ్లాం, పిల్లలు ఉన్నారట. హనుమక్క తాను రానంది. అత్తకు రొట్టెలు మూటగట్టి బస్సెక్కించింది.

వారం తర్వాత పెద్దక్క తిరిగి వచ్చింది. వాడు కాదు, ఎవరో వేరే మనిషి అంది. ఆమె ఒంటి మీద మాత్రం కొత్త చీర ఉంది. వెళ్లేటప్పుడు ఆమె దగ్గర చీర కొనేంత డబ్బు లేదు. హనుమక్క ఆ చీరను చూసింది, అత్త ముఖం చూసింది, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. ఆ తర్వాత పెద్దక్క బతికినన్నాళ్లూ హనుమక్క ఆ సంగతి అడగలేదు. చీరను మాత్రం తన బట్టలతోపాటు తానే ఉతికి ఆరేసేది.