ఆరు రోజులు దాచిన బీయే

నిన్న పొద్దున మా మనవరాలు పేపర్లో తన నంబరు చూసుకున్న పావుగంటకల్లా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి కూడా చాక్లెట్టు అందిపోయింది. నేను కుర్చీలో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే ఎందుకు తాతా అని అడిగింది. దానికి చెప్పినా అర్థం కాదు కాబట్టి, నా ఈడు వాళ్లయిన మీకు చెబుతున్నాను. మా ఇంట్లో మొట్టమొదటి బీయేని నేను ఆరు రోజులపాటు దొంగసొత్తులా దాచుకోవలసి వచ్చింది.

అవి యుద్ధం రోజులు. రాజపాళయంలో మాకొక చిన్న చిల్లర అంగడి ఉండేది. నేను మధురైలో చదివి, ఇంగ్లీషు పేపరొకటి తప్పి, దాన్ని రెండోసారి రాసి ఉన్నాను. అంతకు కొన్నాళ్ల ముందే మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, ముక్కుపుడక పోగొట్టుకుంది. పోయినవాటిని వెతికిపెట్టే అంతోణియార్ అనే మహానుభావుడికి సత్రపట్టి దారిలో కోవిల ఉందని ఎదురింటి క్రైస్తవ మంత్రసాని చెబితే ఈమె దండం పెట్టుకుంది, మూడో రోజు పుడక చింతపండు కుండలో దొరికింది. ఆనాటినుంచి అవ్వ ఆయన్ని మా ఇంటి దేవుళ్ల వరసలోనే కలిపేసింది, కాకపోతే పనిలో కాస్త చురుకైనవాడని. పుడక వెతికినాయనకు మార్కులు వెతకడం ఎంతసేపని నా పేరుమీద ఒక పుంజును మొక్కుకుంది.

మధురైలో పేపర్లో నంబరు నాలుగుసార్లు చదువుకుని రైలెక్కాను. మొదట ఇంట్లోవాళ్లే వినాలని, పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పకుండా పళ్లు బిగపట్టుకుని వచ్చి, స్టేషన్నుంచి పరుగెత్తాను. అరుగుమీద అవ్వ ఒక్కతే ఉంది. పాసయ్యానన్న మాట పూర్తిగా బయటికి రాకముందే అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

"మొక్కు ఇంకా తీరలేదు నాయినా. ముందే ఊరంతా చాటితే ఇచ్చినాయన మళ్లీ తీసుకునేస్తాడు. ఆయన దినం మంగళవారం. అంతదాకా కమ్మునుండు."

ఆవేళ బుధవారం. నవ్వొచ్చిన మాట నిజమే కానీ, రెండోసారి రాసి గట్టెక్కినవాడికి అంత ధైర్యం ఎక్కడిది? నోరు మూసుకున్నాను.

నా మౌనం చూసి నాన్న మళ్లీ పోయిందనే అనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టకపోగా జాలిపడ్డాడు. అంగట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని పొట్లం కట్టడం నేర్పించాడు. మంసాపురంనుంచి వచ్చిన బేరగాడితో, అబ్బాయి ఇకమీదట ఇక్కడే ఉంటాడని చెప్పేశాడు. అమ్మ వంటింట్లో విడతలు విడతలుగా ఏడ్చేది. నేను చింతపండు కడుతూ కడుపులోనే బీయే బీయే అనుకునేవాణ్ని. ఒకనాడు ఇక తట్టుకోలేక, ఎవరూ లేనప్పుడు ఖాళీ మిరపకాయల బస్తాలో తలపెట్టి ఆ మాట చెప్పేశాను. సాయంత్రందాకా తుమ్ములు ఆగలేదు.

మంగళవారం బండి కట్టించుకుని, పుంజును చంకన పెట్టుకుని, అవ్వ నన్ను కోవిలకు తీసుకుపోయింది. అక్కడ ప్రార్థనలు చెప్పించే ఉపదేశిని, పుంజును ఎక్కడ కొయ్యాలని అడిగింది. తల దేవుడి ముందర పెట్టి, మిగతాది ఇంటికి తెచ్చుకుని వండుకోవడం మా అలవాటు మరి. ఆయన నవ్వాడు. అంతోణియార్‌కు కోళ్లతో పనిలేదనీ, ఆయన ఆకలిగొన్నవాళ్ల పక్షం మనిషనీ, ఇక్కడ మొక్కుకున్నవాళ్లు వచ్చినవాళ్లనందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, తమ చేత్తో వడ్డించి, చివరికి అదే వరసలో తామూ కూర్చుని తినాలనీ, దాన్ని అసనం అంటారనీ చెప్పాడు. అవ్వ మొహం చూడాలి. తన ఇల్లు దాటితే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.

"ఎంతమంది వస్తారప్పా?" అంది పుంజును చంకలో సర్దుకుంటూ.

ఈ కరువులో ఎవరినని వద్దంటాం అన్నాడాయన.

కబురు తెలిసి జనం వచ్చారు. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. ఒక్క పుంజు అంత పెద్ద అండాలో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. బియ్యం చాలవని అవ్వ బండివాణ్ని అంగడికి తోలింది. తల్లికేమైందోనని భయపడుతూ నాన్న నూకల బస్తాతో దిగాడు. అవ్వ వడ్డించమని బకెట్టు ఆయన చేతికిచ్చింది.

అందరికీ వడ్డించాక గరిటె కింద పెట్టింది. వరసలో ఒక కుంటి తాతకూ, ఒక పళ్లులేని ముసలమ్మకూ నడుమ ఖాళీ ఉంది. కాసేపు నిలబడింది. తర్వాత చీర కుచ్చెళ్లు సర్దుకుని అక్కడే కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టి, మింగి, అప్పుడు తలెత్తింది.

"నా మనవడు బీయే పాసయినాడు."

నాన్న చేతిలో బకెట్టు అక్కడే ఆగిపోయింది. ముసలమ్మ నావైపు చూసి, "బీయే అంటే ఏమమ్మా? అది చదివినోళ్లు ఏం చేస్తారు?" అంది.

అవ్వకు తెలియదు. వరసంతా ఒకసారి చూసింది.

"ఇదే. ఇట్లా అన్నం పెడతారు."

నాన్న బకెట్టు దించి, వరస చివర కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. అవ్వ మాత్రం అన్న మాటకు కట్టుబడింది. నాకు ఉద్యోగం వచ్చి ఊరు విడిచేదాకా ప్రతి మంగళవారం మా అరుగుమీద ఒక అండా గంజి కాచేది, పోసే పని నాది. వీధిలోవాళ్లు మూతి విరిచినా, బీయే చదువులో అది కూడా ఒక భాగమని వాళ్లను నమ్మించింది.

పోయిన ఏడు ఆ కోవిలకు వెళ్లాను. సిమెంటుతో పెద్దగా కట్టారు. అసనం ఇప్పటికీ పెడుతున్నారు, కానీ పొట్లాల్లో. జనం పొట్లం తీసుకుని స్కూటరు కొక్కేనికి తగిలించుకుని వెళ్లిపోతున్నారు. నేను అక్కడే గోడవారన కూర్చుని విప్పాను. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని, కాస్త పక్కకు జరిగి చోటు చేశాను.