టక్కుమన్న స్టీరింగ్

ఇబ్రహీంపట్నంలో మోటార్లు బాగుచేసే మా ఉస్తాద్ మొన్న శుక్రవారం పోయాడు. ఆయుష్షు తీరిందని ఊరంతా అంటోంది. అబద్ధం. దొరా, దొర మోటారు నడిపే నేనూ కలిసి చంపాం.

ఉస్తాద్ దగ్గర ఒక వేప కట్టె ఉండేది. నన్ను లోపల కూర్చుని స్టీరింగ్ చక్రం తిప్పమని, తాను బండి కింద దూరి, కట్టె ఒక కొస స్టీరింగ్ కడ్డీకి ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చెవి మోసపోతుంది, పన్ను మోసపోదనేవాడు. "కీచుమంటే ఎండింది, నూనె పొయ్యి. టక్కుమంటే వదులైంది, ఇప్పు." చప్పుడు ఎక్కడిదో తేలేదాకా పానా ముట్టేవాడు కాదు. ఈలోపు చాయ్ చల్లారిపోయేది.

పదిరోజుల కింద దొర బండి టక్కుమంది. ఉస్తాద్ విన్నాడు.

"స్టీరింగ్ పెట్టెను పట్టుకునే పట్టీ పగిలింది. కొత్తది పట్నం నుంచి రావాలె. అందాక బండి తియ్యకు తమ్మీ."

దొరకు మంచాల ఊళ్లో పెండ్లి పిలుపు ఉంది. "చుట్టాల ముందర నా బండి మొత్తుకుంటదారా? దాని నోరు మూపియ్యి" అన్నాడు. కాదనే దమ్ము నాకెక్కడిది! గ్రీజు దట్టించి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కాను. చప్పుడు ఆగింది. దొర మురిసిపోయాడు.

ఉస్తాద్ మండిపడ్డాడు. "గొంతు పిసికి, రోగం కుదిరిందంటవా?" అని నన్ను తిట్టి, నేరుగా దొర ఉండే గడీకి పోయాడు.

"చప్పుడు పోయింది గాని వదులు పోలే దొరా."

"గట్లనా? అయితే నువ్వే ఎక్కి మంచాల దాక పోయి రా. ఏం గాకుంటే నాకు మొక్కు. ఎక్కకుంటే నీ షెడ్డు పీకిస్త."

నేను బండి తీశాను, ఉస్తాద్ నా పక్కనే కూర్చున్నాడు. "జర నెమ్మదిగ పోనియ్యి" అన్నాడు, అదే ఆయన ఆఖరి మాట. ఊరు దాటాక మలుపులో చక్రం నా చేతుల్లో ఉత్తగా తిరిగింది. బండి గుంతలోకి బోర్లాపడింది. నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే.

దొర మనిషిని పంపాడు, బండి ఏమైందో చూసి రమ్మని. ఉస్తాద్ ఏమయ్యాడని అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మట్టి చేసొచ్చాక ఉస్తాద్ భార్య ఆ కట్టె నా చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచుకో తమ్మీ. ఇప్పటికన్న ఇను." కొసన ఆయన పంటి గాట్లున్నాయి.

గుంతలోంచి లాగి గడీ ముందర పెట్టిన బండికి నిన్న కొత్త పట్టీ వచ్చింది, బిగించమని దొర కబురు. పోయాను. నేను కుక్కిన పీలికలు ఒక్కొక్కటే బయటికి లాగి, గడీ అరుగు మీద పరిచి, వాటి మీద బండి తాళం పెట్టి వచ్చేశాను. పనిమనుషులు పొద్దటినుంచి అరుగు కడుగుతున్నారట. గ్రీజు మరక వదలడం లేదట.