నేల చెమర్చిన రోజు

ఆ ఉదయం ఉప్పుడబ్బా మూత తీసి రాహేలు విసుక్కుంది. "చూడవే, ఉప్పంతా నీరు కారిపోతోంది. తూర్పుగాలి తిరిగింది."

కూతురు నిర్మల ర్యాకెట్ సంచీ సర్దుకుంటోంది. పెరట్లో కొబ్బరాకులన్నీ సముద్రానికి వీపు తిప్పి వంగున్నాయి. ఇవాళ గెలిస్తే రాష్ట్ర జట్టు. ఓడితే వయసు దాటిపోతుంది, మళ్ళీ ఎవరూ పిలవరు.

ఆమెకి ఈ ఆట నేర్పింది ఫోన్లో కనిపించిన చియాకి అనే జపాను అమ్మాయి. పొట్టిది. పొడుగాటివాళ్ళ కాళ్ళ ముందు షటిల్‌ని ఆకురాలినంత మెల్లగా వాల్చి గెలిచేది. కోర్టులోకి వెళ్ళేముందు నేలకి వంగేది. నిర్మలా పొట్టిదే. ముక్తేశ్వరంలో కళ్ళంలో గీతలు గీసుకుని ఆడిన రోజుల్నించీ తనూ వంగేది. వంగి, అరచేత్తో నేలని తాకేది. చెక్కకోర్టులో చెమ్మ తగిలితే పొడిగుడ్డతో తుడిచాకే ఆట.

తర్వాత చియాకి మోకాల్లో లిగమెంటు తెగింది. రెండేళ్ళకి తిరిగొచ్చింది. మళ్ళీ అదే మోకాలు. ఆఖరి వీడియోలో కుంటుతూ వచ్చి, ఖాళీ కోర్టుకి వంగింది. దాన్ని నిర్మల ఒక్కసారే చూడగలిగింది.

"ఇవాళ పాస్టరుగారు చూడ్డానికొస్తున్నారు. నేలకి దణ్ణాలు పెట్టకు. మనం వంగేది ఒక్కరికే," అంది రాహేలు.

"దణ్ణం కాదమ్మా, ఆటకి మర్యాద."

"ఆ మర్యాదేదో మనసులో పెట్టుకో. నా పరువు తియ్యకు."

"ఆయ్, చిత్తమండీ!" అని వెక్కిరించింది నిర్మల.

అమలాపురంలో ఆట షెడ్డు తలుపులు బార్లా తీసున్నాయి. లోపలికి ఉప్పుగాలి కొడుతోంది. చెక్కనేల నల్లగా మెరుస్తోంది. ఇప్పుడే తుడిచేరనుకుంది నిర్మల. గీత దగ్గర వంగబోయి, ముందు వరుసలో పాస్టరుగారి తెల్లచొక్కా చూసి ఆగిపోయింది.

వల అవతల శాంతి నవ్వింది. "ఏమే, ఇవాళ నేలని పలకరించవా? అలుగుతుందేమో!"

మొదటి ఆటలో నిర్మలదే పైచేయి. అప్పుడు శాంతి షటిల్‌ని వల అంచున వదిలింది. నిర్మల చియాకిలాగే ఒక్క అంగలో ముందుకి సాగింది. కాలు ఆగాల్సినచోట ఆగలేదు. పచ్చి కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది.

రాహేలు పరుగున వచ్చి, "ప్రభువా!" అంటూ కూతురి పక్కన కూలబడింది. నేలకి ఆనిన అరచేతిని పైకెత్తి చూసుకుంది. పొద్దున ఉప్పుడబ్బా మూత తీసినప్పటి తడే.

"అమ్మా, నువ్వూ తాకేవు," అంది నిర్మల.

మోకాలు అప్పుడే ఉబ్బుతోంది. రాహేలు పైటచెంగుతో నేల తుడుస్తూనే ఉంది. తుడిచిన చోటే మళ్ళీ చెమరుస్తోంది.