మనవరాలికి దోస్తునని సంతకం

కరోనా తగ్గి కోర్టులు మళ్ళీ కిటకిటలాడుతున్న ఏడాది. ముంబై కామాటిపుర ఏడో గల్లీలో మా నాన్న కుట్టుమిషన్ల దుకాణం వెనకగదే నా ఆఫీసు. వకీలునై అప్పటికి పదకొండేళ్ళు. ఓ మధ్యాహ్నం నర్సయ్య కాకా, ఆయన భార్య లచ్చవ్వ వచ్చారు. కాకా రిటైరైన లిఫ్ట్‌మ్యాన్. కూర్చోకముందే కవరులోంచి ఫోటో తీసి బల్లమీద పెట్టాడు.

"పెండ్లి ఫోటో, బిడ్డా. గిది సూపిస్తె కేసు గెల్సినట్టే."

వాళ్ళ సంగతి నాకు కొంత తెలుసు. కొడుకు పెళ్ళికి ముందే బండి ప్రమాదంలో పోయాడు. అప్పటికే గర్భంతో ఉన్న అమ్మాయిని వీళ్ళు ఇంటికి తెచ్చుకున్నారు. ఆరోహి పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు దగ్గర ఖాళీ. ఏడాది క్రితం ఆ తల్లీ జబ్బుచేసి పోయింది. ఆమె తరఫున ఎవరూ లేరు. ఆరేళ్ళ ఆరోహికి గార్డియన్ ఎవరని బడివాళ్ళు కాగితం అడిగారు. కాగితం లేకపోతే పిల్లను అనాథాశ్రమానికి పట్టుకుపోతారని వాళ్ళుండే చాల్ బిల్డింగులో ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి లచ్చవ్వకు అన్నం సయించడం లేదు.

"పెళ్ళి కాలేదన్నారు కదా కాకా?"

"కాలే. గని అయ్యేదుండె గదా! ఫోరస్ రోడ్డు స్టూడియోల ఇద్దరి ఫోటోలు జోడిచ్చి చేపిచ్చినం."

"షేర్వానీ రంగు నేనే పసంద్ చేసిన," అంది లచ్చవ్వ.

నవ్వొచ్చింది. ఫోటోలో ఇద్దరూ ఎంత ముచ్చటగా ఉన్నారో! "దీన్ని ఇంట్లో గోడకు పెట్టుకోండి. కోర్టులో పెడితే పిల్ల ఆశ్రమానికి, మనం ముగ్గురం జైలుకి," అన్నాను.

తర్వాత నెమ్మదిగా చెప్పాను. కొడుకే తండ్రని తేల్చాలంటే వేరే దావా, దానికి ఏళ్ళు పట్టొచ్చు. అది తేలేదాకా చట్టానికి మీరు తాత కారు. అయితే గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ ఉంది. మైనరుకు కోర్టు సంరక్షకుణ్ణి నియమించే చట్టం అది. బంధువే కానక్కర్లేదు, ఫ్రెండ్ కూడా అర్జీ పెట్టుకోవచ్చు. జరిగింది జరిగినట్టు రాసి ఫ్రెండ్‌గా పిటిషన్ వేద్దాం.

కాకా లేచి నిలబడ్డాడు. "దోస్తా? ఆరేండ్ల పోరికి నేను దోస్తునా? దాని అయ్యకు అయ్యను నేను!" చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు లచ్చవ్వ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "పెట్టు సంతకం. దోస్తు గాదు, దుష్మన్ అని రాసినా పెట్టు. పోరి ఇంట్ల ఉంటె సాలు." ముఖం ముడుచుకునే సంతకం పెట్టాడు.

ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారు హిందీలో అడిగారు, ఈ వయసులో పిల్లకు మీరేం చేయగలరని. పెన్షన్ సంగతి చెప్పమని కాకాకు వారంపాటు నేర్పించాను. ఆయన అదంతా మరిచిపోయి, "రోజూ జడ వేస్తాను సాబ్. వంకరగా వస్తుంది," అన్నాడు. నేను తల పట్టుకున్నాను. జడ్జిగారు కాకా పక్కన నిలబడ్డ ఆరోహి జడను ముందుకు వంగి చూశారు, నిజంగానే వంకర. కోర్టు హాలంతా నవ్వింది. ఆ తర్వాత పిల్లను ఒక్కదాన్నే చాంబర్‌లోకి పిలిచి మాట్లాడారు. పిల్ల మేలే ముఖ్యమని, కొన్ని వాయిదాల తర్వాత కాకాను గార్డియన్‌గా నియమించారు.

ఆర్డరు చేతికిచ్చాక కాకా అడిగాడు, "గార్డియనంటె దోస్తుకన్న పెద్దనా?"

"చాలా పెద్ద, కాకా."

"గట్లయితె సరే," అని కాగితం రెండుసార్లు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. లచ్చవ్వ అక్కడే మెట్లమీద కూర్చుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

అంతకుముందు ఇలాంటి కేసు వస్తే, పిల్లకు మీరేమవుతారని మొదట అడిగేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే పిల్లను లేపేదెవరని అడుగుతాను. జవాబు తడుముకోకుండా వస్తే, ఆ కేసు నాదే.