మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాములు

కాటాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ మిల్లీగ్రాము అని పిలుస్తారు. ముఖాన కాదు, వెనక. ఆ సంగతి ఆయనకూ తెలుసు, బాధేమీ లేదు. కిలో అని పిలిచి ఉంటే బాధపడేవాడేమో. మందుల దుకాణంలో గానీ నగల కొట్లో గానీ పార్సిల్ ఆఫీసులో గానీ కాటా మొరాయిస్తే కబురు ఆయనకే వస్తుంది. తూకపు గుండ్లను పట్టకారుతో తప్ప ముట్టుకోడు. వేలి జిడ్డు అంటితే గుండు బరువు మారుతుందని ఆయన నమ్మకం. నమ్మకం కాదు, లెక్క అంటాడు.

ఇంట్లో ఆయన తూచని వస్తువు లేదు. వచ్చిన ఉత్తరాన్ని విప్పకముందే తూచేవాడు. ఒకసారి క్షవరానికి వెళ్లేముందు, వచ్చాక తనను తాను తూచుకుని, తలమీద నుంచి ఎంత పోయిందో డైరీలో రాసిపెట్టుకున్నాడు. ఇలాంటి మనిషితో ముప్ఫయ్యేళ్లు కాపురం చేసిన ఆవిడ బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది. పిండి చేతికొచ్చినంత, ఉప్పు తోచినంత. ఆవిడ చేతి రొట్టెకు వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. మొగుడు ఒక్కడే, ఆ ‘తోచినంత’ ఎంతో చెప్పమని పెళ్లయిన కొత్తలో వారం రోజులు వెంటపడ్డాడు.

ఆకాశపు రాళ్ల పిచ్చి ఆయనకు పార్సిల్ ఆఫీసులో పట్టింది. కాటా బాగుచేసి, సరిగా ఉందో లేదో చూద్దామని పక్కనే ఉన్న పొట్లం ఒకటి పెట్టాడు. అగ్గిపెట్టెంత పొట్లం, అనుకున్నదానికి రెండింతలు తూగింది. కాటా ఇంకా చెడిపోయే ఉందనుకుని మూడుసార్లు విప్పి బిగించాడు. చివరికి కాటాలో తప్పు లేదని తేలింది. పొట్లం కోసం వచ్చిన పెద్దమనిషిని బతిమాలి విప్పిస్తే లోపల నల్లటి రాయి. ఉల్క అనీ, అందులో ఇనుము ఉంటుందనీ, కొని దాచుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారనీ ఆ పెద్దమనిషి చెప్పాడు. ఆ రోజు మిల్లీగ్రాము ఇంటికొచ్చి భోజనం చేయలేదు.

అప్పట్నుంచి ఎక్కడెక్కడి వాళ్లకో ఉత్తరాలు రాసి, జాబితాలు తెప్పించుకుని, గోరంత ముక్కలు గ్రాముల్లెక్కన కొనడం మొదలుపెట్టాడు. ప్రతి రాయికీ ఒక కార్డు. ఎక్కడ పడింది, ఎంత తూగింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. కార్డు పోయిన రాయిని ఎవరూ నమ్మరు. రాళ్లలో ఇనుము ఉంది కాబట్టి చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. అందుకని చెమ్మ పీల్చే చిన్న పొట్లాల కోసం చెప్పుల షాపులన్నీ తిరిగేవాడు. చెప్పులు మాత్రం కొనేవాడు కాదు. వాన మొదలైతే ఆరేసిన బట్టల సంగతి తర్వాత, ముందు రాళ్ల గది కిటికీ మూయాలి. ఆకాశం నుంచి ఊడిపడ్డ వాటికి ఉన్న మర్యాద ఈ ఇంట్లో అత్తగారికి కూడా లేదని ఆవిడ తల్లి ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి, వెళ్తూ వెళ్తూ అంది.

అరవై రెండు రాళ్లలో ఆయన ప్రాణం ఒక్కదాని మీదే. నిజానికి అది సగం రాయి. పడేటప్పుడు సిమెంటు గచ్చు మీద పడి రెండుగా పగిలింది. పాత కార్డు మీద మొత్తం బరువు ఎనిమిది వందల పన్నెండు గ్రాములని ఉంది. రెండో సగం ఎక్కడుందో ఆ కార్డు చెప్పలేదు. దానికోసం ఆయన రాసిన ఉత్తరాలకు లెక్కలేదు అందామంటే, లెక్క కూడా ఆయన డైరీలో ఉంది.

కొన్న ఎనిమిదేళ్లకు, ఇక రెండో సగం దొరకదేమోనని ఆశ సన్నగిల్లాక, ఆయన ఆ రాయిని కోశాడు. దానికి కారణం ఆవిడే. ఇన్ని రాళ్లు కొన్న మనిషి నా మెడలోకి ఒక్క రాయి తేలేదని మాటవరసకు అంది. ఆయన మూడు రోజులు ఆలోచించాడు. ఉల్క పైనున్న నల్లటి పెంకు మీద రంపం పెట్టడం ఆ పిచ్చి ఉన్నవాళ్లెవరూ చేయరు. అందుకని పగిలిన ముఖం మధ్యలో పొడుచుకు వచ్చిన మొనను, బొటనవేలి గోరంత ముక్కను, కోశాడు. రాలిన పొడిని కూడా పోనివ్వక ఆరబెట్టి సీసాలో పోశాడు. పొడి రెండు గ్రాముల వంద మిల్లీగ్రాములు. ముక్క మూడు గ్రాముల నాలుగు వందలు. దాన్ని వెండి గూట్లో బిగించి గొలుసుకు వేయించి తెచ్చిచ్చాడు. ఆవిడకు నిజంగా ఏడుపొచ్చింది, కళ్లలో పిండి పడిందని చెప్పింది.

అయిదేళ్లు వేసుకుంది. ఆ తర్వాత ఒక పొద్దున బేకరీలో నాలుగో వాయి పొయ్యిలోకి వెళ్లాక మెడ తడుముకుంటే గొలుసు ఉంది, గూడు ఉంది, గూట్లో రాయి లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. పిండి తొట్టి కడిగింది, నేల ఊడ్చింది, పొయ్యి అడుగున బూడిద జల్లెడ పట్టింది. ఇక మిగిలింది నాలుగో వాయి రొట్టెలే. నలభై ఒక్కటి. చుట్టాలొస్తున్నారని చెప్పి అన్నీ తనే కొనుక్కుని ఇంటికి మోసింది. ఆ వారమంతా పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, రాత్రి రొట్టె. వస్తామన్న చుట్టాలు రాలేదని మొగుడికి చెప్పింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు. రాయి దొరకలేదు. ముందు వాయిల్లోనే పోయిందేమో, ఊళ్లో ఎవరి పన్నైనా విరిగిందేమోనని నెల రోజులు బేకరీకి వచ్చే ప్రతి మనిషి నోటి వంక చూసింది. చివరికి బేకరీ వెనక పెరట్లో దొరికిన నల్లరాయి పెచ్చు ఒకటి సాన పట్టించి, గూట్లో పెట్టించి, మెడలో వేసుకుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆవిడ మర్చిపోయిందని కూడా చెప్పలేం. అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా ఆ పెచ్చు ఆవిడ వంక చూసేది.

అలాంటప్పుడు ఉత్తరం వచ్చింది. రాసింది రిటైరైన సైన్సు టీచరు. రెండో సగం తన దగ్గరే ఉందట. ముప్ఫయ్యేళ్లు క్లాసు బల్ల మీద ఉంచి పిల్లలకు చూపించిందట. ఆయన పొంగిపోయి ఏడు పేజీలు రాశాడు. ఆ ఏడు పేజీలూ తిరిగొచ్చాయి. ఎక్కడ ‘దాదాపు’ అని రాశాడో అక్కడల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఖచ్చితంగా ఎంత?’ అని ఉంది. ఇలాంటి మనిషి ఇన్నాళ్లూ ఎక్కడుందని ఆయన మురిసిపోయాడు. ఆఖరి పేజీ కింద టీచరు తన షరతు రాసింది. ముక్కలు కోసి అమ్ముకునే వాళ్లను నలుగురిని ఇప్పటికే గుమ్మంలోనే వెనక్కి పంపాను. డబ్బు అక్కర్లేదు. రాయి మొత్తం ఒకచోట చేరుతుందంటేనే ఇస్తాను. మీరు కోసిన ముక్క మీ భార్య మెడలో ఉందన్నారు కాబట్టి, ఆమెను కూడా తీసుకురండి.

అది చదివి వినిపించాక ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తను ఒక్కడే వెళ్లొస్తానని, పిలిచారని ఇద్దరం పోనక్కర్లేదని అన్నాడు. ఆవిడ గుండెలో రాయి పడింది. అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. నోరు మాత్రం, పిలిచాక వెళ్లకపోతే బాగుండదు, నేనూ వస్తానంది. గూట్లో పెచ్చును చూసి టీచరు పోల్చుకోలేకపోతుందేమోనని ఒక చిన్న ఆశ. పిచ్చి ఆశ, ఆవిడకూ తెలుసు.

టీచరు గది రెండో అంతస్తులో ఉంది. సామాను సగం పెట్టెల్లో సర్ది ఉంది, ఆ నెలాఖరుకు ఇంతకన్నా చిన్న గదికి మారుతోందట. మధ్యలో బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద సగం రాయి. పగిలిన ముఖంలో గోరు పట్టేంత గుంట ఉంది, లోపల అద్దంలా నున్నగా ఉంది. క్లాసులో ప్రతి పిల్లా పిల్లాడూ అందులో వేలు పెట్టి చూసేవారట. మిల్లీగ్రాము తన సగాన్ని బయటికి తీశాడు. చేతులు బల్లకు ఆనించి, నెమ్మదిగా జరిపాడు. రెండు సగాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నల్లటి పెంకు ఈ సగం మీద నుంచి ఆ సగం మీదికి తెగకుండా వెళ్లింది. బయటనుంచి చూస్తే ఎక్కడా లోటు కనిపించలేదు. కోసిన చోటూ, గుంటా లోపల ఎక్కడో కలిసి మూసుకుపోయాయి.

టీచరు చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ వైపు చెయ్యి చాపింది.

"ఇప్పుడు ఆ ముక్క ఇలా ఇవ్వమ్మా. గుంటలో కూర్చుంటుందేమో చూద్దాం."

ఆవిడ చెయ్యి మెడ దాకా వెళ్లింది. ఈలోగా ఆయన అడ్డొచ్చాడు.

"గొలుసు తీయకు. కొక్కెం వదులుగా ఉంది."

కొక్కెం ఏమీ వదులుగా లేదు. వదులైతే నేనే సరిచేస్తానని టీచరు పట్టకారు తీసింది. ఆయన రెండు సగాలనూ విడదీసి, తన సగాన్ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

"వద్దులెండి టీచరు గారూ. మీ సగం మీ దగ్గరే ఉండనివ్వండి. మేం వెళ్లొస్తాం."

ఆవిడకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఈ సగం కోసం ఇరవై రెండేళ్లు ఉత్తరాలు రాసిన మనిషి, కాళ్లకు బలపం కట్టుకుని తిరిగిన మనిషి, దొరికినదాన్ని బల్ల మీద వదిలేసి మూట కట్టుకుంటున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఆవిడ వంక చూడకుండా ముడి వేస్తున్నాడు, అంతే. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇక నోరు ఆగలేదు. మెడలోది ఆకాశపు రాయి కాదనీ, బేకరీ పెరట్లో పెచ్చనీ, అసలుది తొమ్మిదేళ్ల కింద పిండిలో పడి ఊళ్లో ఎవరి కడుపులోకో పోయిందనీ గబగబా చెప్పేసింది. చెప్పి మొగుడి వైపు తిరిగింది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"గొలుసు తళతళలాడుతుంటే కొత్తగా మెరుగు పెట్టించావనుకుని తూచాను. ఏడు వందల మిల్లీగ్రాములు తక్కువుంది."

"తొమ్మిదేళ్లా? అడగలేదేం?"

"అడిగేదేముంది. అంతకుముందు నెల అన్ని రొట్టెలు తెచ్చావుగా. నాలుగో రోజుకు అనుమానమొచ్చింది. అప్పట్నుంచి నేనూ నెమ్మదిగా నమిలాను."

టీచరు నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చేంతగా. నవ్వు ఆగాక, లేవబోతున్న ఇద్దర్నీ కూర్చోమంది. షరతు పెట్టింది కోసి అమ్ముకునేవాళ్ల చేతిలో పడకూడదనే గానీ మరొకందుకు కాదని చెప్పింది. అమ్ముకునేవాళ్లెవరూ ఇలా వదిలేసి లేచిపోరని కూడా అంది.

"రాయి తీసుకెళ్లండి. అయితే ఇక్కడే నా ముందు కొత్త కార్డు రాయాలి. మొత్తం ఎనిమిది వందల పన్నెండుకూ లెక్క చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి. తప్పుంటే దిద్దుతాను."

ఆయన సంచిలోంచి చిన్న కాటా తీసి పెట్టాడు. ఒక్కొక్కటీ తూచి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. టీచరు గారి సగం, మూడు వందల తొంభై ఎనిమిది గ్రాములు. మా సగం, నాలుగు వందల ఎనిమిది గ్రాముల అయిదు వందల మిల్లీగ్రాములు. సీసాలో పొడి, రెండు గ్రాముల వంద. నాలుగో వరుస దగ్గర కలం ఆగింది. ఆవిడ ఆ కలం వంకే చూస్తోంది. పోయింది అని రాస్తాడు, రాయక ఏం చేస్తాడు, క్షవరంలో పోయిన జుట్టును కూడా లెక్క రాసుకున్న మనిషి.

మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాములు, మా ఆవిడ దగ్గర, అని రాశాడు.

టీచరు కార్డు అందుకుని ఎర్ర కలం మూత తీసింది. మొదటి మూడు వరుసలూ పెదవులు కదుపుతూ కూడింది. నాలుగోది రెండుసార్లు చదివింది. ఒకసారి ఆవిడ మెడలోని పెచ్చు వంక చూసింది. తర్వాత కలానికి మూత పెట్టేసి, బరువు సరిపోయిందని చెప్పి, కార్డు ఆవిడ చేతిలో పెట్టింది.